ఏడో షరతు

మా వీధి చివర లెక్కల మాస్టారి ఇల్లు. ముప్పయ్యేళ్ల నాటి శ్లాబు. 2022 ఏప్రిల్‌లో దానికి వాటర్ ప్రూఫింగ్ చేయించారు. పనివాళ్లు డాబా కడిగి, పగుళ్లు పూడ్చి, తెల్లటి పూత రెండుసార్లు వేశారు. 38,000 రూపాయలు అయింది. పని ఏప్రిల్ 28న పూర్తయింది. కంపెనీ యజమానే స్వయంగా వచ్చి రసీదు మీద సంతకం పెట్టి, మాస్టారినీ పెట్టమన్నాడు.

రసీదు వెనక పది షరతులు. చీమ తలకాయలంత అక్షరాలు. మాస్టారు భూతద్దం తెచ్చుకుని పదీ చదివారు. అలాంటి కాగితం ఆసాంతం చదివే మనిషిని మా వీధిలో ఆయన్నొక్కర్నే చూశాను. ఏడో షరతు దగ్గర ఆగారు.

“లోపం ఉంటే 30 రోజుల్లోగా తెలపాలి. ఆ తర్వాత కస్టమరుకు ఏ హక్కూ ఉండదు. కోర్టుకు వెళ్లరాదు.”

“ముప్పై రోజులేనా?” అన్నారు.

“అందరికీ అదే ఫారం సార్” అన్నాడు యజమాని.

మాస్టారు సంతకం పెట్టారు. లోపలికి వెళ్లి క్యాలెండర్‌లో మే 28 చుట్టూ సున్నా చుట్టారు.

మే 28 రోహిణి కార్తెలో పడింది. రోళ్లు పగిలే ఎండ. ఆ వారమంతా మాస్టారి డాబా మీద ఒడియాలు ఎండాయి. సున్నా చుట్టిన రోజు గడిచిపోయింది.

మృగశిర వచ్చిన నాలుగో రోజు, జూన్ 11న, తొలి వాన పడింది. హాల్లో మూడు చోట్ల కారింది.

మాస్టారు ఫోన్ చేశారు.

“ఏడో షరతు చూసుకోండి సార్” అన్నాడు యజమాని. “మీరు చదివే కదా సంతకం పెట్టారు?”

కేసు వెయ్యమని మేమంతా చెప్పాం. “సంతకం పెట్టాక అదేం మాట?” అన్నారాయన. కారే ఒక చోట బకెట్టు పెట్టుకున్నారు. మిగతా రెండు చోట్ల గిన్నెలు. అలా రెండు వానాకాలాలు గడిచాయి.

2024 సెప్టెంబరు 13న పాత శిష్యుడొకడు చెల్లెలి పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి వచ్చాడు. వకీలు. బయట వాన. హాల్లో బకెట్టు చూసి అడిగాడు. మాస్టారు రసీదు తీసి చూపించారు. భూతద్దం కూడా ఇచ్చారు.

“ఇది చెల్లదు మాస్టారూ” అన్నాడు శిష్యుడు. “కాంట్రాక్టు చట్టం, 28వ సెక్షన్. కోర్టుకు వెళ్లకూడదని ముందే రాయించుకుంటే 1872 నుంచీ చెల్లదు. ఫలానా గడువు దాటితే హక్కే పోతుందని రాయించుకోవడం 1997 జనవరి 8 నుంచి చెల్లదు.”

“నేను సంతకం పెట్టానురా.”

“ఎవరు పెట్టినా చెల్లదు మాస్టారూ.”

“మరి అసలు గడువెంత?”

“రెండేళ్లు. వినియోగదారుల రక్షణ చట్టం, 69వ సెక్షన్. శ్లాబు కారిన రోజు నుంచి.”

మాస్టారు వేళ్ల మీద లెక్కపెట్టారు. లెక్క తప్పడం ఆయన ఎరగరు. మరోసారి పెట్టారు.

“94 రోజులు దాటిపోయాయి” అన్నారు.

శిష్యుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే వినియోగదారుల కమిషన్ మన్నించవచ్చని చెప్పాడు. ఆ వెసులుబాటు కూడా అదే సెక్షన్లో ఉంది. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. వకీలు లేకుండా ఎవరి కేసు వాళ్లే చెప్పుకోవచ్చు. మాస్టారు తానే వెళ్తానన్నారు. శిష్యుడు ఒప్పుకోలేదు.

“ఆలస్యానికి కారణం ఏం రాయమంటారు?” అని అడిగాడు.

“ఉన్నదే రాయి. ఏడో షరతు నిజమని నమ్మాను.”

అలాగే రాశాడు. రసీదు జత చేసి జిల్లా కమిషన్‌లో వేశాడు. కంపెనీకి నోటీసు వెళ్లింది.

కొన్ని వారాలకు కంపెనీ కౌంటరు వచ్చింది. శిష్యుడు దాన్ని మాస్టారి ఇంటికి తెచ్చి, హాల్లో కూర్చుని చదివాడు.

“ఫిర్యాదుదారు చెప్పిన కారణం తగిన కారణం కాదు. ఏడో షరతు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం మొదటినుంచీ చెల్లనిది. చెల్లని షరతును నమ్మి ఊరుకోవడం ఫిర్యాదుదారు తప్పు. చట్టం తెలియదనడం సాకు కాజాలదు. గడువు దాటినందున ఫిర్యాదు కొట్టివేయాలి.”

మాస్టారు భూతద్దం అడిగారు. కౌంటరు ఒక చేతిలోకి, రసీదు ఒక చేతిలోకి తీసుకున్నారు.

రెండిటి కిందా ఒకే సంతకం.