కాలి చప్పుడు

గోదావరిఖని చౌరస్తాకు కాస్త లోపలగా ఉన్న ఒక చిన్న దవాఖానలో, బల్ల సొరుగులో, బీపీ మిషన్ పట్టీకీ గ్లవుజుల డబ్బాకీ నడుమ నా కాపురం. అరచేతిలో ఇమిడే డబ్బా, దానికి చుట్టలు తిరిగిన తీగ, తీగ చివర పెన్సిలంత పుల్ల, కడుపులో ఒక బ్యాటరీ. నా అసలు పేరు డాప్లర్. డాక్టరమ్మ మాత్రం "ఆ చప్పుడు డబ్బా ఇటియ్యి" అంటుంది. నాకు ఆ పేరే బాగుంది.

నా పని వినడం. చర్మం మీద జెల్లు రాసి పుల్ల ఆనిస్తే, సెకనుకు 80 లక్షల సార్లు కంపించే ధ్వనిని లోపలికి పంపుతాను. మనుషుల చెవికి అది అందదు. పారే నెత్తురులోని కణాలకు తగిలి వెనక్కి వచ్చేసరికి ఆ కంపనంలో చిన్న తేడా పడుతుంది. ఆ తేడానే చప్పుడుగా మార్చి బయటికి వదులుతాను. రామగుండం స్టేషన్లో నిలబడ్డవాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆగకుండా పోయే బండి కూత ఎదురొచ్చేటప్పుడు కీచుగా, దాటిపోయాక బొంగురుగా వినపడదూ? ఆస్ట్రియాకు చెందిన క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్ నగరంలో జంట నక్షత్రాల వెలుగు గురించి ఆలోచిస్తూ ఈ సంగతి బయటపెట్టాడు. మూడేళ్లకు హాలండులో బైస్ బాలట్ అనే శాస్త్రవేత్త బాకాలు ఊదేవాళ్లను రైలెక్కించి మరీ పరీక్షించాడు. 1950లలో జపానులో షిగెయో సతోమురా ఇదే సూత్రాన్ని మనిషి ఒంటికి పట్టించాడు. నక్షత్రాల దగ్గర మొదలైన వంశం మాది. రైలెక్కి, సముద్రాలు దాటి, చివరికి బొగ్గుబాయి పనోళ్ల పాదాల దగ్గరికి చేరింది. నాకేం చిన్నతనంగా లేదు.

ఆరోగ్యంగా ఉన్న కాలి నాళంలో నెత్తురు గుండె కొట్టుకున్న ప్రతిసారీ మూడు మాటలంటుంది. గట్టిగా ముందుకు ఒకటి, పొట్టిగా వెనక్కి ఒకటి, మెత్తగా మళ్లీ ముందుకు ఒకటి. పైన ఎక్కడో దారి ఇరుకైతే మొదట పోయేది ఆ వెనక్కి వెళ్లే మాట. మరీ ముదిరితే ఒక్కటే మిగులుతుంది. అలసినవాడి నిట్టూర్పులా బారుగా, బలం లేకుండా.

ఇక్కడ మన భాషతో ఒక చిక్కుంది. తిమ్మిరి తెచ్చేదీ నరమే, నెత్తురు మోసేదీ నరమే. "నరం పట్టింది", "నరం దొరకలేదు", "నరం కొట్టుకుంటున్నది" అని అన్నిటికీ ఒకటే మాట. రక్తనాళమనే మాట పుస్తకాల్లో ఉంది గానీ వాడకట్టులో లేదు. అందుకే కాలు లాగితే మనిషి నరాల డాక్టరు కోసం వెతుకుతాడు. నా దగ్గరికొచ్చేసరికి ఆయన చేతిలో నడుము ఎక్స్‌రేలు, ఎంఆర్‌ఐ ఫిల్ములు, నడుముకు బెల్టు ఉంటాయి. యాభై దాటి, ముప్పై ఏళ్లు భూగర్భంలో వంగి పనిచేసిన మనిషి వెన్ను ఫిల్ము తీస్తే ఏదో ఒక డిస్కు జరిగే కనబడుతుంది. అది అబద్ధం కాదు. ఆ రోజు నొప్పికి అదే కారణమా అన్నది వేరే ప్రశ్న.

అలా వచ్చినవాళ్లలో, బాయిలో కప్పుకు దుంగలు నిలబెట్టే ఒక టింబర్‌మన్ నాకు బాగా గుర్తు. యాభై నాలుగేళ్లు. వెంట భార్య.

"నడిస్తే ఏమైతది అన్నా?" అనడిగింది డాక్టరమ్మ.

"పిర్ర పట్టేస్తది మేడం. తర్వాత తొడ. ఎడమ దిక్కే. ఇన్‌క్లైన్ ఎక్కి పైకొచ్చేటప్పుడైతే ఇగ అడుగు పడది."

"కూసుంటేనే పోతదా, నిలబడ్డా పోతదా?"

"నిలబడ్డా పోతది. రెండు మూడు నిమిషాలు. మళ్ల గంతే దూరం నడుస్త, మళ్ల గట్లనే."

ఆ ప్రశ్న అడిగే డాక్టరును నేను గౌరవిస్తాను. వెన్నులో ఇరుకు ఉన్నవాడికి నిలబడితే సుఖం రాదు, వంగాలి లేదా కూర్చోవాలి. నెత్తురు చాలని కండకు వంగడంతో పనిలేదు, పని ఆపితే చాలు. ప్రతిసారీ అదే దూరం, ఎత్తు ఎక్కితే ఇంకా తొందరగా నొప్పి, ఆగితే మాయం. ఈ లెక్క తప్పదు.

డాక్టరమ్మ భార్య వైపు తిరిగి, "అక్కా, బయట కౌంటర్ల చీటీ రాయించుకొని రాపో" అంది. తలుపు మూసుకున్నాక ఏ మొహమాటమూ లేకుండా మగతనం గురించి అడిగింది. ఆయన పైకప్పు కేసి చూశాడు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు కాసేపు. "రెండేండ్ల సంది లేదు మేడం. వయసనుకున్న."

పిర్రల్లో పట్టివేత, మగతనం తగ్గడం, గజ్జల్లో నాడి అందకపోవడం. ఈ మూడూ ఒకే చోటి అడ్డు వల్ల కలిసి వస్తాయని రెనె లెరిష్ అనే ఫ్రెంచి సర్జను 1923లోనే గుర్తించాడు. వందేళ్లు గడిచినా మధ్యది మాత్రం ఎవరూ తమంతట చెప్పరు. భార్య పక్కనుంటే అసలే చెప్పరు.

డాక్టరమ్మ మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. గుండె నుంచి దిగే పెద్ద నాళం బొడ్డు ఎత్తుకు వచ్చేసరికి రెండుగా చీలుతుంది. అక్కడి నుంచి గజ్జ దాకా కటి భాగంలో నడిచేవే ఇలియాక్ ధమనులు. ఒక్కోటీ మళ్లీ రెండు పాయలు. లోపలి పాయ పిర్రలకు, మూత్రాశయానికి, జననాంగాలకు. ఆడవాళ్లలో గర్భాశయానికి కూడా. బయటి పాయ గజ్జ దాటి కాలికి. "బాయిల మెయిన్ రోడ్డు మీద కప్పు కూలితే అవతలి పనికాడికి గాలి పోతదా అన్నా? గిదీ గంతే." ఆయన తల ఊపాడు. నడుం బెల్టు వేసుకున్నన్నాళ్లూ ఎవరూ తనకు ఈ మాత్రం విప్పి చెప్పలేదట.

తర్వాత నా వంతు. కుడి గజ్జలో చప్పుడు బాగానే ఉంది. ఎడమ గజ్జలో వేళ్లకు నాడి అందలేదు. పుల్ల ఆనిస్తే ఒక్క నిట్టూర్పు. చీలమండకు బీపీ పట్టీ చుట్టి గాలి నింపి, మెల్లగా వదులుతూ చప్పుడు తిరిగొచ్చే అంకె చూశారు. చేతిలో 140. కుడి చీలమండలో 126. ఎడమలో 84. చీలమండ అంకెను చేతి అంకెతో భాగిస్తే కుడి 0.9, ఎడమ 0.6. ఒకటి, ఆ పైన కాస్త ఉంటే మంచిది, 0.9 కంటే దిగితే దారిలో అడ్డుందని అనుమానించాలి. చక్కెర జబ్బు పాతబడినవాళ్లలో మాత్రం ఈ లెక్క నన్నే వెర్రిదాన్ని చేస్తుంది. పాదం దగ్గరి నాళాలు సున్నం పట్టి కర్రల్లా బిగుసుకుంటాయి, పట్టీ ఎంత నొక్కినా నొక్కుకోవు, అంకె 1.4 దాటి వస్తుంది. అది బలం కాదు, బిగుతు.

చక్కెర జబ్బు ఎక్కువగా మోకాలి కింది నాళాలను పట్టుకుంటుంది. కటిలోని పెద్ద నాళాలను పాడుచేయడంలో పొగాకుది పైచెయ్యి. ఈ బొగ్గు బెల్టులో ఆ కథకు ఒక వింత మలుపుంది. బాయిలోకి దిగేముందు తనిఖీ చేస్తారు. అగ్గిపెట్టె, బీడీ పైనే వదలాలి. లోపల మీథేన్ ఉండొచ్చు, ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి ఎనిమిది గంటలు ఎవరూ కాల్చరు. పైకొచ్చాక, స్నానానికి ముందే, ఆ ఎనిమిది గంటల బాకీ తీర్చుకుంటారు. మధ్యలో ఖైనీ ఉండనే ఉంది. ఆ బీడీ ఆకు గోదావరి ఒడ్డు అడవుల తునికాకు. చుట్టేదేమో కోరుట్ల, జగిత్యాల దిక్కు ఆడవాళ్లు. గనికి నిప్పు తగలకుండా అన్ని కట్టుదిట్టాలు చేసిన మనిషి తన నాళాలకు ఏ కాపలా పెట్టుకోలేదు. నేను తప్పుపట్టడం లేదు. వాళ్ల నడుముల మీద పడిన బరువు నేను మోయలేదు.

నా అసమర్థతా చెప్పుకోవాలి. నా ధ్వని చర్మం కింద రెండు మూడు సెంటీమీటర్లు మించి దిగదు. కటిలోని నాళం నాకు అందని లోతు. గజ్జలో, పాదంలో విని పైన ఏమైందో ఊహిస్తాను, అంతే. అందుకే ఆయన్ని హైదరాబాదు పంపారు. సీటీ యాంజియోలో ఎడమ ఇలియాక్ మొదట్లోనే దాదాపు మూసుకుపోయి ఉంది. గజ్జలోంచి సన్నని తీగ ఎక్కించి, బెలూను ఉబ్బించి, జాలీ గొట్టం, అంటే స్టెంటు, నిలబెట్టారు. పొట్ట కోయలేదు. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ ఒక ముసలావిడ కాలి నాళాన్ని కత్తి పెట్టకుండా తెరవడంతో మొదలైన విద్య ఇది. పదేళ్లకు జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ దానికి బెలూను తెచ్చాడు. తర్వాత హూలియో పాల్మాజ్ జాలీ గొట్టం తయారుచేశాడు. కటి నాళాలు పెద్దవి కాబట్టి స్టెంట్లు ఇక్కడ మోకాలి కింద కంటే ఎక్కువ కాలం నిలుస్తాయి. అడ్డు మరీ పొడుగైతే బైపాస్ చేస్తారు.

తిరిగొచ్చిన టింబర్‌మన్‌కు ఈ చరిత్రలేవీ అక్కర్లేదు. బల్ల మీద పడుకుంటూ, "సపోర్టు పెట్టిన్రు మేడం" అన్నాడు. జీవితమంతా కప్పుకింద దుంగలు నిలబెట్టినవాడి నోట అంతకంటే సరైన మాట రాదు. ఎడమ చీలమండలో 133 వచ్చింది. గజ్జలో నిట్టూర్పు పోయి రెండు మాటలు వినబడ్డాయి. ఆస్పిరిన్, కొవ్వు తగ్గించే మాత్ర, రోజూ నొప్పి వచ్చేదాకా నడక, ఆగి మళ్లీ నడక. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: కాలు ఉన్నట్టుండి చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, గంటల్లో చికిత్స అందకపోతే కాలే పోవచ్చు.

"బీడీ?"

"బంద్ చేసిన మేడం. దేవుని తోడు."

ఆయన బల్ల దిగుతుంటే జేబులో అగ్గిపుల్లలు గలగలమన్నాయి. వినడమే నా వృత్తి గదా, నాకు స్పష్టంగా వినపడింది. చెప్పే నోరు నాకు లేదు.

ఇంకో మనిషి సంగతి చెప్పకపోతే నేను నిజాయితీపరురాలిని కాను. డాక్టరమ్మ బాపు. బాయిలో సర్దారుగా చేసి రిటైరయ్యాడు. షిఫ్టు మొదట్లో కర్రతో కప్పు వాయించి చూడడం ఆయన పని. గట్టి కప్పు ఖంగుమంటుంది, వదిలిన కప్పు డొల్లగా పలుకుతుంది. ఆ ఒక్క చప్పుడు మీద పదిమంది ప్రాణాలు. నేను మొదటిసారి బల్లమీద పలికినప్పుడు ఆయన నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. మా ఇద్దరిదీ ఒకే వృత్తి.

కూతురు ఆయన పాదాలు నాతో పరీక్షించింది. రెండు కాళ్లలోనూ మూడు మాటలు, నిక్షేపంగా. రెండు నెలలకు మూత్రం ఇబ్బందని కడుపు స్కానింగ్ తీయిస్తే, కుడి ఇలియాక్ ఉబ్బి 2.4 సెంటీమీటర్లు ఉంది. మామూలుగా సెంటీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉండాలి. దాన్ని అన్యూరిజం అంటారు. అడ్డుపడితే నేను వింటాను. ఉబ్బితే వినలేను. వెడల్పైన దారిలో నెత్తురు హాయిగానే పోతుంది, నొప్పీ ఉండదు. సైకిలు ట్యూబులో బుడగ లేచిన చోటు చూశారుగా, ఎంత ఉబ్బితే గోడ మీద లాగుడు అంత పెరుగుతుంది, గోడ అంత పలచబడుతుంది. పగిలిననాడే తెలుస్తుంది.

కటి నాళం ఒక్కటే ఉబ్బడం అరుదు. చాలామందిలో పైనున్న పెద్ద నాళమూ ఉబ్బి ఉంటుంది. ఐన్‌స్టీన్‌కు ఆ పెద్ద నాళమే ఉబ్బింది. 1948లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జను దానికి సెల్లోఫేన్ కాగితం చుట్టాడు, అప్పట్లో అంతకంటే దారి లేదు. ఆరేళ్లకు పైగా నిలిచింది. 1955 ఏప్రిల్‌లో పగిలినప్పుడు ఆయన ఆపరేషను వద్దన్నాడు. ఇప్పుడైతే బట్ట తొడిగిన స్టెంటును గజ్జలోంచి ఎక్కించి ఉబ్బును లోపలినుంచే కప్పేస్తారు. 1990లో బ్యూనస్ ఎయిరీస్‌లో హువాన్ పరోది కడుపులోని పెద్ద నాళానికి మొదట చేసిన పని అది. ఇలియాక్ ఉబ్బుకైతే మూడున్నర సెంటీమీటర్ల దగ్గరికొచ్చాక చికిత్స ఆలోచిస్తారు. అంతదాకా కొలుస్తూ ఉండాలి. బాపు ఇంకా అక్కడికి రాలేదు.

ఆ రాత్రి దవాఖాన మూశాక డాక్టరమ్మ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. సొరుగు సగం తెరిచే ఉంది. తర్వాత ఫోను తీసి మంచిర్యాలలో ఉండే కాకకు చేసింది. "కాకా, నువ్వు కూడ కడుపు స్కానింగ్ తీయించుకోవాలె. నొప్పి లేకున్నా సరే." ఈ ఉబ్బు కుటుంబాల్లో నడుస్తుంది, పైగా ఆయనా నలభై ఏళ్ల బీడీ మనిషి. అరవై అయిదు దాటిన, ఎప్పుడైనా పొగ తాగిన మగవాళ్లు ఒక్కసారైనా కడుపు స్కానింగ్ తీయించుకోవాలని ఆమె ఇప్పుడు ఎవరొచ్చినా చెబుతోంది. 2022లో రామగుండంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక, సాయంత్రాలు ఒకరిద్దరు పిల్లలు పని చూడ్డానికి వస్తున్నారు. వాళ్లకు నన్ను పట్టుకోవడం నేర్పేముందు, నేను ఏది వినలేనో నేర్పుతోంది. నాకు కొంచెం రోషమొచ్చినమాట నిజం.

బాపు ఏడాదికోసారి కొలత తీయించుకుంటాడు. స్కానింగుకు పోయేముందు ఇక్కడికొచ్చి బల్ల మీద పడుకుని, "ముందుగల మన డబ్బాతోని చూడు బిడ్డా" అంటాడు. దానితో తెలియదని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. అయినా పాదం మీద జెల్లు రాస్తుంది. నేను మూడు మాటలూ పలుకుతాను. ఆయన కళ్లు మూసుకుని, పాత అలవాటుగా బల్ల అంచు మీద వేలితో తాళం వేస్తూ వింటాడు.

"గట్టిగున్నది" అంటాడు.

"లేవు బాపూ, స్కానింగ్‌కు లేటైతాంది" అంటుంది ఆమె, జెల్లు తుడుస్తూ.