సీటు కింద లెక్క

నేను పుట్టింది కాన్పూర్ అలిమ్కో ఫ్యాక్టరీలో, అరిగింది మాసబ్ ట్యాంక్‌లో. ఈ బస్తీ పేరులో చెరువుంది గానీ ఒంట్లో లేదు. కుతుబ్‌షాహీల నాటి ‘మా సాహెబా’ పేరిట ఉన్న చెరువే నలుగురి నోళ్లలో నలిగి మాసబ్ ట్యాంక్ అయింది. నీళ్లుండే చోట ఇప్పుడు చాచా నెహ్రూ పార్కు. నాదీ అదే బాపతు. ట్రైసైకిల్ అంటారు, తొక్కడానికి కింద పెడలే లేదు. చేత్తో తిప్పాలి. ముందుకు నడపాలన్నా, పక్కకు మళ్లాలన్నా అదే పిడి.

నా మొదటి మనిషికి చిన్నప్పుడే పోలియో వచ్చి రెండు కాళ్లూ పడిపోయాయి. ఫోన్ కవర్లు అమ్మేవాడు. సాయంత్రం సరుకు మిగిలితే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 ఎత్తు ఎక్కి పెన్షన్ ఆఫీస్ దాకా పోయేవాడు. ఆ ఎక్కుడు ఎలా సాగేదో చెప్పాలి. పిడి కిందికి నొక్కేటప్పుడు వీపు నా ఆనుడుచెక్క నుంచి లేచేది, పొట్ట బిగిసేది, బరువంతా సీటు ముందంచుకు జరిగేది. పిడి పైకొచ్చేసరికి మళ్లీ వెనక్కి. సీటు చెక్క కిర్రు, కిర్రు అని తాళం వేసేది. చూసేవాళ్లు ఆయన భుజాలనే మెచ్చుకునేవాళ్లు. పొట్ట సంగతి నాకొక్కదానికే తెలుసు.

ఆయనకు బ్యాటరీ బండి వచ్చాక నన్ను ఒక కుర్రాడికి ఇచ్చాడు. సెంట్రింగ్ పనిలో స్లాబు మీంచి పడి వెన్ను విరిగినవాడు. నా మొదటి మనిషిని ‘అన్నా’ అని పిలిచేవాడు. ఇతని భుజాలు ఆ అన్న భుజాలకు రెండింతలు. అదే రోడ్డు, అదే నేను. మొదటి ఎత్తులోనే పిడి నొక్కాడో లేదో, మనిషి మొత్తం పిడి మీదికి ఒరిగిపోయాడు. రొమ్ము కింద నుంచి ఒళ్లు మాట వినదు. ఎడమచేత్తో నా అంచు పట్టుకుని లేచాడు. ఇక తిప్పడానికి మిగిలింది ఒక్క చెయ్యే. మర్నాడు గళ్ల తువ్వాలు తెచ్చి, ఛాతీని నా ఆనుడుచెక్కకు కట్టేసుకున్నాడు. అప్పుడు గానీ రెండో చేతికి పని దొరకలేదు.

వైకల్య శాతం తేల్చే సదరం సర్టిఫికెట్లో ఇద్దరికీ 80 శాతమే. తప్పని అనను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతం, ఆపైన ఉంటే చాలా సదుపాయాలకు తలుపు తెరుచుకుంటుంది. పింఛనుకు ఆ అంకె చాలు. పందేనికి చాలదు.

ఒకసారి డిసెంబరు 3 దివ్యాంగుల దినోత్సవానికి ముందు పెట్టే ఆటల పోటీల్లో ట్రైసైకిల్ రేసు. కదలిక వైకల్యమున్న ‘ఆర్థో’ వాళ్లందరికీ కలిపి ఒకటే గీత. అన్న ఎవరిదో బండి అడుక్కొని దిగి గెలిచాడు. మేం చివర వచ్చాం, తువ్వాలు సగంలోనే ఊడిపోయింది.

“నా చేతులు చూడు, నీ చేతులు చూడు. ఎట్ల గెలిచినవన్నా?”

“నువ్వు చేతులతోనే తిప్పినవ్ తమ్మీ. నేను నడుముతోని తిప్పిన.”

ఆ రాత్రి నుంచి కుర్రాడు నా పిడికి ఫోను ఆనించి వీడియోలు చూడటం మొదలెట్టాడు. పారా సైక్లింగ్‌లో టీ1, టీ2 ట్రైసైకిల్ తరగతులని వినగానే నా చక్రాలు పొంగాయి. తీరా చూస్తే అవి కాళ్లతో తొక్కేవట: సెరిబ్రల్ పాల్సీ వల్లనో, పక్షవాతం వల్లనో రెండు చక్రాల మీద నిలదొక్కుకోలేనివాళ్లవి. టీ1 వాళ్లకు ఇబ్బంది ఎక్కువ. పారాలింపిక్స్ టైమ్ ట్రయల్‌లో ఇద్దర్నీ ఒకే పట్టీలో పెట్టి, టీ1 టైమును ఒక గుణకంతో తగ్గించి చూస్తారు. ఆ గుణకం మీద నాకు కొంచెం అనుమానమే, గెలుపు రోడ్డు మీద కాకుండా కాగితం మీద తేలితే ఎవరికి మాత్రం నమ్మబుద్ధవుతుంది? అయినా గుణకం అసలు లేని రేసు ఎలా ఉంటుందో చూసినదాన్ని.

చేత్తో తిప్పేవి హెచ్ తరగతులు, ఒకటి నుంచి ఐదు. అక్కడ శాతం అడగరు. బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో కండరానికి సున్నా నుంచి ఐదు దాకా మార్కులేస్తారు, బండి ఎక్కించి చూస్తారు, రేసులోనూ కన్నేసి ఉంచుతారు. కావాలని చేతకానట్టు నటిస్తే శిక్ష. మన నంద్యాల షేక్ అర్షద్ సీ2 అనిపించుకున్నది ఇలాంటి పరీక్షలోనే. అది రెండు చక్రాల సైకిల్ తరగతి. 2024 పారిస్‌లో ఆయనా, జ్యోతి గడేరియా కలిసి పారాలింపిక్స్ సైక్లింగ్‌లో మన దేశం తరఫున దిగిన తొలి ఇద్దరయ్యారు.

మావాడి పాత ఆస్పత్రి కాగితంలో టీ6 అని ఉంది. నేను మళ్లీ ట్రైసైకిలే అనుకుని మురిశాను. కాదు, అది ఛాతీ వెనక ఆరో వెన్నుపూస. అక్కడ పూర్తిగా దెబ్బతింటే హెచ్3. అన్నలా నడుము దాకా పట్టున్నవాళ్లు హెచ్4 లేదా హెచ్5. ఇన్నాళ్లూ నా సీటు కిర్రుమని మొత్తుకున్నది ఇదే!

మొన్న మళ్లీ పోటీల ఫారం వచ్చింది. వైకల్య శాతం గడిలో 80 వేశాడు. పెన్ను మూయబోయి, ఆగి, పక్కన ఖాళీలో ‘టీ6’ అని చిన్నగా రాశాడు. ఫారం మడిచి నా సీటు కింద పెట్టాడు, తువ్వాలు పక్కన. తువ్వాలుకు కొత్తగా రెండు బకిల్స్ కుట్టించి ఉన్నాయి.