ఫోన్ సమీక్షకు తలకిందుల సలహాలు

విశాఖ కంచరపాలెంలో ఉండి తెలుగులో ఫోన్ల మీద సమీక్షలు చేద్దామనుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మొదటి సలహా ఇది: ఆలస్యంగా రండి. అందరికంటే ముందు బాక్స్ ఓపెన్ చేసి చూపించాలన్న తొందర వదిలేయండి. ఫోను చేతికొచ్చాక ఒక వేసవి, ఒక వానాకాలం గడవనివ్వండి. ఆ తర్వాతే నోరు విప్పండి. ఇలాగైతే మీ వీడియో ఎవరూ చూడరని స్నేహితులంటారు. మొదట్లో చూడరు కూడా. అయినా ఈ మాట నేను వెనక్కి తీసుకోను.

2025లో అందరూ పక్కపక్కన పెట్టి పోల్చిన జతనే తీసుకుందాం. శాంసంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రాను జనవరి 22న, ఆపిల్ ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్‌ను సెప్టెంబరు 9న ప్రకటించారు. మన దేశంలో మొదటి ధర శాంసంగ్‌కి 1,29,999 రూపాయలు, ఐఫోన్‌కి 1,49,900. వడ్డీ లేకుండా 24 నెలల ఈఎమ్ఐకి తీసుకున్నా నెలకు ఒకదానికి 5,400 పైన, రెండోదానికి దాదాపు 6,250. కొన్నవాడు రెండేళ్లు కట్టాలి. ఆ రెండేళ్లూ ఫోను ఎలా ఉంటుందన్నదే అతనికి కావలసిన కబురు. మొదటి వారం సమీక్ష మొదటి వారం సంగతి తప్ప ఏం చెప్పగలదు?

గెలాక్సీ నోట్ 7 గుర్తుందా? 2016 ఆగస్టు 19న అమ్మకానికొచ్చింది. సమీక్షకులు ఆకాశానికెత్తారు. బ్యాటరీలు అంటుకుంటున్నాయని సెప్టెంబరు 2కల్లా కంపెనీ వెనక్కి పిలిచింది. వాటికి బదులుగా ఇచ్చిన ఫోన్లూ కాలాయి. అక్టోబరు 11న తయారీయే ఆపేశారు. ఐఫోన్ల సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. బ్యాటరీ అరిగిన పాత ఫోన్ల వేగాన్ని తామే తగ్గిస్తున్నామని ఆపిల్ ఒప్పుకున్నది 2017 డిసెంబరులో. ఆ జాబితాలో 2014లో వచ్చిన ఐఫోన్ 6 కూడా ఉంది. దాన్ని మెచ్చుకున్నవాళ్లు అప్పటికి మరెన్నో మోడళ్లకు మార్కులు వేసేసి ఉన్నారు. కొన్నవాడు మాత్రం ఫోను ఎందుకు హ్యాంగ్ అవుతోందో తెలియక దాన్నే తిట్టుకుంటూ వాడాడు.

మార్కులు అసలు వేయకండి. పదికి తొమ్మిదిన్నర అన్న అంకెకు అర్థం లేదు. బెంచ్‌మార్క్ స్కోర్లైతే మీ వీడియోలోకి రానివ్వకండి. 2013లో గెలాక్సీ ఎస్4 కొన్ని పరీక్ష యాప్‌లను గుర్తుపట్టి వాటికి మాత్రమే ఎక్కువ వేగం చూపిస్తోందని ఆనంద్‌టెక్ అనే వెబ్‌సైట్ బయటపెట్టింది. 2022 మార్చిలో గీక్‌బెంచ్ అనే పరీక్ష యాప్ వాళ్లు ఎస్10 నుంచి ఎస్22 దాకా గెలాక్సీ ఎస్ ఫోన్లను తమ పట్టికలోంచి తీసేశారు. అవి మామూలు యాప్‌లను నెమ్మదింపజేసి, పరీక్ష యాప్‌ను మాత్రం వదిలేస్తున్నాయని తేలడమే కారణం. పరీక్ష జరుగుతోందని ఫోనుకి తెలిసిపోతున్నప్పుడు ఆ పరీక్షకు విలువేముంది?

మరి ఎలా చూడాలి? కవర్ వేసి చూడండి. ఇది చాలామందికి తప్పు సలహాలా అనిపిస్తుంది. సమీక్షకులు ఫోనుని ఒట్టి ఒంటితో చూపిస్తారు. మన ఊళ్లో లక్షన్నర ఫోను అలా వాడేవాడు నాకు కనిపించలేదు. కొన్న కొట్టులోనే టెంపర్డ్ గ్లాస్, వెనక పౌచ్ వేయించుకునే బయటికొస్తారు. ఆ క్షణంలోనే ఫోను మారిపోతుంది. ఎస్25 అల్ట్రా అద్దానికున్న పెద్ద గొప్ప, ఎండలో వెలుతురు తిరిగి కంట్లో పడటాన్ని తగ్గించడం. దాని మీద మామూలు టెంపర్డ్ గ్లాస్ అతికిస్తే ఆ గొప్పలో చాలా భాగం కింద పడిపోయినట్టే. ఐఫోన్‌లో ఈసారి వేపర్ చాంబర్ పెట్టారు, ఒంటిని మళ్లీ అల్యూమినియంతో చేశారు. లోపలి వేడి ఒంటి మీదకి త్వరగా పరుచుకుని గాలిలోకి పోవాలని ఈ ఏర్పాటు. దాని చుట్టూ మందపాటి పౌచ్ తొడిగితే ఆ వేడి ఎటు పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు కంచరపాలెం రైతుబజార్లో మే నెల పదకొండు గంటలకు దొరుకుతుంది. ఏసీ గదిలో లైట్ల మధ్య దొరకదు.

వేడి విషయం ఇంకొంచెం చెప్పాలి, మనకి ముఖ్యమైంది అదే. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ తన పత్రాల్లోనే రాసుకుంది. విశాఖ వేసవిలో మధ్యాహ్నం 35 దాటడం వింత కాదు. దానికి తోడు సముద్రం తేమ. ఒంటి మీద చెమట ఆరదు, జేబులో ఫోనూ చల్లారదు. ఐఫోన్ స్క్రీను వెలుగు ఎండలో 3,000 నిట్స్ దాకా వెళ్తుందని ప్రకటన చెబుతుంది. ఫోను వేడెక్కితే వెలుగు తనంతట తానే తగ్గిపోతుందన్న మాట ఆ పక్కనే పెద్దక్షరాల్లో ఉండదు. అందుకని మ్యాప్ పెట్టుకుని, చార్జింగ్ పెట్టి, బండి ముందు హోల్డర్‌లో బిగించి, ఊర్వశి జంక్షన్ నుంచి ఎన్‌ఏడీ దాకా మధ్యాహ్నం వెళ్లండి. డెలివరీ కుర్రాళ్లు రోజూ చేసే పని ఇదే. స్క్రీను ఎక్కడ మసకబారిందో, చార్జింగ్ ఎక్కడ ఆగిపోయిందో రాసుకోండి. రెండు ఫోన్లకీ అదే దారి, అదే వేళ.

ఫోను ఒంటికి టైటానియమా, అల్యూమినియమా అన్న చర్చను మీరు తేల్చకండి. ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ మీద పనిచేసే అన్నయ్య చేతికి రెండు ఫోన్లూ ఇచ్చి అడగండి. అల్యూమినియం వేడిని టైటానియం కంటే ఎన్నో రెట్లు త్వరగా లాగేస్తుందని, గీత మాత్రం తొందరగా పడుతుందని ఆయన పుస్తకం చూడకుండా చెబుతాడు. అదే చేత్తో వేలిముద్ర కూడా పెట్టించండి. ఎస్25 అల్ట్రా స్క్రీను కింద వేలిముద్ర చదువుతుంది, ఐఫోన్ ముఖం చూసి తెరుచుకుంటుంది. ఇనుము రాసుకుని అరిగిన వేళ్లు, అంట్లు తోమి గీతలు చెరిగిన వేళ్లు, చేపలు కోసి తడిసిన వేళ్లు ఈ పేటలో కావలసినన్ని ఉన్నాయి. రేషన్ డిపోలో మిషను ముందు మళ్లీ మళ్లీ వేలు పెట్టే అమ్మమ్మలకు ఈ ఇబ్బంది మనకంటే బాగా తెలుసు. సమీక్షకుడి మెత్తటి వేలికి మొదటిసారే తెరుచుకుంటే అది వార్తే కాదు. 2018లో కేరాఫ్ కంచరపాలెం సినిమాకి దర్శకుడు వెంకటేశ్ మహా నటుల్ని ఎక్కువమందిని ఈ వీధుల్లోంచే తీసుకున్నారు. మీరూ సమీక్షకుల్ని ఇక్కడినుంచే తీసుకోండి.

బీచ్‌కి ఫోను తీసుకెళ్లి నీళ్లలో ముంచి చూపించే వీడియోలు చూసి మోసపోకండి. రెండింటికీ నీళ్లను తట్టుకునే ఐపీ68 రేటింగ్ ఉంది. కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో: శాంసంగ్ మీటరున్నర లోతున అరగంట, ఆపిల్ 6 మీటర్ల లోతున అరగంట. ఉప్పునీటి మాట అందులో లేదు. బీచ్‌లో, ఈతకొలనులో వాడొద్దని శాంసంగే చెబుతుంది. నీరు చేరి పాడైతే మామూలు వారంటీ వర్తించదు. ఆర్కే బీచ్‌లో అల వచ్చి తడిపితే ఎవరు బాధ్యులో మీ సమీక్షలో స్పష్టంగా ఉండాలి. పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము కూడా చూడండి. ఫోను లోపలికి పోకపోవచ్చు, స్పీకర్ జాలీలో, చార్జింగ్ పిన్ను దగ్గర మాత్రం పేరుకుంటుంది. ఆరు నెలల తర్వాత రింగు ఎంత గట్టిగా వినిపిస్తోందో కొత్తప్పటి రికార్డింగుతో పోల్చండి.

ఇక భాష. నాకు బాగా కోపం తెప్పించే లోటు ఇదే. తెలుగులో సమీక్ష చెబుతూ ఫోనుని ఇంగ్లీషులో వాడతారు. మొదటి రోజే మొత్తం తెలుగులోకి మార్చేసి నెలంతా అలాగే వాడండి. ఐఫోన్‌లో అలా మార్చుకునే వీలు 2025లో ఐఓఎస్ 18.4తోనే వచ్చింది, కాబట్టి చూడాల్సింది చాలా ఉంది. ఒత్తులు ఎక్కడ తెగిపోతున్నాయి, బటన్ మీద మాట ఎక్కడ సగంలో ఆగిపోయింది, అలారం పెట్టే చోట అమ్మకి అర్థం కాని అనువాదం ఏముంది, అన్నీ ఫొటోలు తీసి చూపించండి.

ఇది చాదస్తం అనుకునేవాళ్లకి 2018 ఫిబ్రవరి గుర్తుచేయండి. జ్ఞ అన్న సంయుక్తాక్షరానికీ దాని దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఒక కోడు దూరిన సందేశం వస్తే ఐఫోన్‌లో దాన్ని చూపించే యాప్ మూసుకుపోయేది. అదే నోటిఫికేషన్‌గా వస్తే ఫోనంతా కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. మన పక్కపేట జ్ఞానాపురం పేరులో ఉన్న అక్షరమే అది. మామూలుగా టైపు చేస్తే ప్రమాదం లేదు, ఆ కోడు చేరిన రూపంతోనే చిక్కు. అయినా ప్రపంచంలో అంత ఖరీదైన ఫోనులో తెలుగు లిపి దగ్గర అంత పెద్ద లోపం ఉందంటే, ఆ లిపిని పట్టి చూడాల్సిన వాళ్లు మనం కాక ఇంకెవరు?

ఫోనుతో మాట్లాడి కూడా చూడండి, వార్తలు చదివే తెలుగులో మాత్రం వద్దు. “ఏటి, వర్షం పడతాదా ఇయ్యాల?” అని కంచరపాలెం మెట్టు మీద అన్నట్టే అనండి. జెమిని తెలుగు అర్థం చేసుకుంటుంది, సిరి కూడా ఇంగ్లీషుతో కలిపి మాట్లాడితే కొంత పట్టుకుంటుంది. ఆపిల్ ఇంటెలిజెన్స్‌కి ఐఫోన్ 17 వచ్చిన నాటికి తెలుగు లేదు. మన ఉత్తరాంధ్ర యాసను ఏది ఎంతవరకు పట్టుకుందో ఒక్క వీడియో చేస్తే శ్రీకాకుళం దాకా పనికొస్తుంది. కాల్ పరీక్ష మాత్రం రైలు పట్టాల పక్కన చేయండి. గూడ్సు ఇంజను హారన్ కొడుతుండగా అవతలివాళ్లకు మీ మాట వినపడిందో లేదో వాళ్లనే చెప్పనివ్వండి.

కెమెరా గురించి తక్కువ మాట్లాడండి. డాల్ఫిన్స్ నోస్ కొండని ఏ ఫోనుతో తీసినా బాగుంటుంది. చంద్రుడి జోలికి పోకండి, శాంసంగ్ ఫోన్లు మసక చంద్రుడికి తామే వివరాలు చేర్చి చూపిస్తున్నాయని 2023లో పెద్ద గొడవే జరిగింది. రాత్రి అమ్మవారి పండగలో, రంగు లైట్ల కింద, చామనఛాయ ముఖాలనూ నల్లటి ముఖాలనూ తీయండి. తీసినవి ఆ మనుషులకే చూపించి, ఇది మీ రంగేనా అని అడగండి.

రెండు ఫోన్లూ 2014 అక్టోబరు 12ని తట్టుకోగలవా అన్నది కూడా అడగాలి. ఆ రోజు హుద్‌హుద్ తుపాను వచ్చాక ఈ ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, సిగ్నల్ లేదు. జనరేటర్ ఉన్నచోట చార్జింగ్ కోసం జనం మూగారు. ఐఫోన్‌లో ఉపగ్రహం ద్వారా సాయం కోరే సదుపాయం 2022 నుంచే ఉంది, 2025లో ఈ ఫోను వచ్చేనాటికీ మన దేశంలో పనిచేసేది కాదు. కాబట్టి ఒక శనివారం వైఫై, సిమ్ రెండూ ఆపేసి, పవర్ సేవింగ్ పెట్టి, టార్చి లైటు వాడుతూ ఏ ఫోను ఎన్ని గంటలుందో చూడండి.

ఏది గెలిచిందని చివర్లో చెప్పకండి. దానికి బదులు రెండు కంపెనీల సర్వీస్ సెంటర్లలోనూ స్క్రీను మార్చడానికి ఎంతవుతుందో, విడిభాగం రావడానికి ఎన్ని రోజులంటున్నారో మామూలు కస్టమర్‌గా వెళ్లి కనుక్కోండి. ఏడాది వాడిన ఫోనుకి సెకండ్ హ్యాండ్ కొట్టులో ఎంతిస్తారో అడగండి. ఈ అంకెలన్నీ వీడియో మొదటి నిమిషంలోనే, ధర పక్కనే చెప్పేయండి. ప్రాసెసర్ పేరు చెప్పడానికి టైం మిగలకపోతే వదిలేయండి.