ఎచ్చులకు పోయి ఎడమ బొంగరం కొంటి

చంద్రగిరి పక్కన మా పల్లెలో, చిన్నప్పుడు బొంగరంలో నన్ను కొట్టేవాడు లేడు. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, కరెంటు పోయినప్పుడల్లా నేనే చెబుతాను కాబట్టి. గీత మధ్యలో ఓడినోడి బొంగరాన్ని పెట్టి, ఒక్క గుద్దుకు దాన్ని రెండుగా చీల్చిన కథైతే మా పిల్లలు నాకంటే బాగా చెబుతారు. చెప్పేటప్పుడు నా గొంతు కూడా పెడతారు, అదీ బాధ.

అందుకే మావాడు బేబ్లేడ్ కావాలన్నప్పుడు, "వాణ్ణి కూడా తీసుకుపోండి, ఏది కావాలో వాడికి తెలుసు" అని మా ఆవిడ అంటే రోషమొచ్చింది. బొంగరం కొనడానికి నాకు తోడా?

గాంధీ రోడ్డులో ఒక అంగడికి పోయాను. అంగడాయన ముందర పరిచేశాడు. ఎటాక్, డిఫెన్స్, స్టామినా, బ్యాలెన్స్ అని నాలుగు జాతులంట. అడుగున మొన చదునుగా ఉంటే ఎటాక్: ఆడే గిన్నెంతా పరుగులు తీసి ఎదుటిదాన్ని గుద్దుతుంది, తొందరగా అలిసిపోతుంది. మొన సన్నగా ఉంటే స్టామినా: గొడవలకు పోకుండా నడిమధ్య నిలబడి చివరిదాకా తిరుగుతుంది. మిగతా వివరమంతా అట్ట మీద ఉంది. నేను చదవలేదు. జేబులోంచి కళ్లద్దాలు తీస్తే అంగడాయన ముందు వయసు బయటపడిపోదూ! బంగారు రంగులో, డ్రాగన్ తలతో ఒకటి తళతళమంటోంది. ఇదే అన్నాను. "సార్, అది..." అని ఆయనేదో చెప్పబోయాడు. "నాకు తెలుసులేప్పా" అన్నాను. దాన్ని తిప్పి వదిలే లాంచర్ కావాలా అంటే, ఇంట్లో ఉందన్నాను.

మావాడు పెట్టె చించి, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, ఇది ఎడమకు తిరిగేది" అన్నాడు.

"ఎటు తిరిగితే ఏంరా, బొంగరమే కదా?"

"మన లాంచర్ కుడికి తిప్పేది. కొక్కేలు పట్టవు."

పట్టలేదు. దానికి ఎడమ లాంచర్ వేరే కొనాలంట. ఎడమదీ కుడిదీ రాసుకుంటే ఒకదాని వేగం ఇంకొకటి లాక్కుంటుందంట, అందుకే తెలిసినవాళ్లు కావాలని ఎడమవి కొంటారంట. 'తెలిసినవాళ్లు' అని వాడేమీ నొక్కి పలకలేదు. నాకే అట్లా వినిపించింది.

పరువు నిలబెట్టుకోవడానికి చరిత్రలోకి దిగాను. "ఇవన్నీ మన బొంగరాన్ని చూసి జపానోళ్లు కాపీ కొట్టినవే" అన్నాను. మా అమ్మాయి ఫోను తీసింది. "లేదు నాన్నా, వాళ్లకు బేగోమా అని సొంత బొంగరం ఉంది. మొదట్లో నత్తగుల్లల్లో ఇసుక నింపి తాడుతో తిప్పేవాళ్లంట, తర్వాత ఇనుముతో పోసుకున్నారు. పీపా మీద గుడ్డ బిగించి, ఎదుటివాడి దాన్ని బయటికి నెట్టడమే ఆట. టకారా కంపెనీ దాన్ని చూసే 1999లో బేబ్లేడ్ తెచ్చింది." ఫోన్లు రాకముందు తండ్రుల బతుకు ఎంత సుఖంగా ఉండేదో!

అంతటితో గమ్మునుండొచ్చు. ఉంటే నేనెందుకవుతాను? లేపాక్షి ఎంపోరియంకి పోయి ఏటికొప్పాక బొంగరం తెచ్చాను. అంకుడు కర్ర, లక్క రంగులు, 2017లో జీఐ గుర్తింపు కూడా వచ్చిన సరుకు. బిల్లు రాసేవాళ్లకు సైతం నా చంద్రగిరి కథ చెప్పే వచ్చాను.

హాల్లో పిల్లల్ని వెనక్కి జరగమని, కాలు ముందుకేసి విసిరాను. బొంగరం తిరగలేదు, పోయింది. టీవీ స్టాండు కిందికి, అక్కడినుంచి మంచం కిందికి. రెండోసారి తాడు నా వేలికే ఉండిపోయింది, బొంగరం తాడుకే ఉండిపోయింది. మూడోసారి దబ్బున పడింది. "ఏం సార్, ఏమైనా పడిందా?" అని కింది పోర్షనాయన కేకేశాడు. "ఏం లేదు సార్, పిల్లోళ్లు" అన్నాను. పిల్లోళ్లిద్దరూ నా మొహం చూశారు.

మా ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "కింద వదులుగా చుట్టినారు" అని బొంగరం అందుకుంది. ముల్లు దగ్గర తాడు బిగించి, వరస పక్కన వరస ఆనించి పైదాకా చుట్టింది. ఒక్క జాడింపు. బొంగరం నేలకు తగలనే లేదు. గాల్లోనే వెనక్కి వచ్చి, ఆమె అరచేతిలో పడి గిర్రున తిరుగుతోంది.

"అమ్మా, నీకెట్లా వచ్చు?"

"పలమనేరులో మీ మామయ్యలకు నేర్పిందెవరనుకున్నావ్?"

ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదేమని అడిగాను.

"మీరు సందిస్తే కదా!"

మీరు కొనబోతే మటుకు పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి నుంచి అది తప్పనిసరి. ఏ పక్కకు తిరిగేదో అడగండి. కళ్లద్దాలు మొహమాటపడకుండా పెట్టుకోండి. అన్నట్టు, మీ ఇంట్లో ఎడమ లాంచర్ ఏదైనా ఊరికే పడుంటే చెప్పండి, సాయంత్రం వచ్చి తీసుకుంటాను. మా ఆవిడతో మాత్రం అనొద్దు.