ఖాళీ ఛానల్ పట్టే ఉపాయం

మా అనకాపల్లి గవరపాలెంలో ఫోన్ తెరిచి చూస్తే గోడ గోడకీ ఒక వైఫై. అన్నీ 1, 6, 11 ఛానళ్ల మీదే గుమిగూడి ఉంటాయి. ఆ గుంపులోకి వెళ్లకండి. నేను చెప్పినట్టు చేస్తే శ్రమ ఉండదు, ఆఫీసుకి చెప్పుకోడానికి సాకు మాత్రం రోజూ ఉంటుంది.

1. కళ్లు మూసుకుని 3 పెట్టుకోండి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్‌కీ ఛానల్‌కీ ఎడం 5 మెగాహెర్ట్జే, రౌటర్ కూర్చోడానికి 20 కావాలి. అంటే 3లో కూర్చుంటే ఒక కాలు 1 మీద, ఒక కాలు 6 మీద పడుతుంది. పడనివ్వండి. ఒకే ఛానల్‌లో ఉన్న రౌటర్లు ఒకటి ఆగాక ఒకటి మాట్లాడతాయి. వరసలో నిలబడే ఓపిక మనకెక్కడిది? పక్క ఛానల్ నుంచి అరిస్తే వాటికి మాట తెలీదు, గోలే వినపడుతుంది. బెల్లం మార్కెట్లో ఒక పాట నడుస్తుండగా పక్కనే ఇంకో వేలంపాట ఎత్తుకున్నట్టు! సరుకు ఎవరికీ దక్కదు. మనకొక్కరికే నెట్ లేదన్న దిగులూ ఉండదు.

2. ఛానల్ వెడల్పు 40 చేసేయండి. సగం వీధి మనదే.

3. 5 గిగాహెర్ట్జ్ జోలికి పోవద్దు. అక్కడ చోటు బోలెడు, 2018లో ఇంకా పెంచారు కూడా. చోటుంటే నెట్ నడుస్తుంది, నెట్ నడిస్తే పని చెయ్యాలి. ఎవరైనా అడిగితే “గోడలు దాటదండీ” అనండి. అది చాలావరకు నిజం, కాబట్టి కాదనేవాళ్లుండరు.

4. రౌటర్‌ని వంటింట్లో మైక్రోవేవ్ పక్కన పెట్టండి. అది పనిచేసేదీ 2450 మెగాహెర్ట్జ్ దగ్గరే. మీటింగులో మేనేజరు మీ పేరు పిలవగానే గ్లాసుడు నీళ్లు లోపల పెట్టి రెండు నిమిషాలు తిప్పండి. తెర మీద మీ మొహం నోరు సగం తెరుచుకుని ఆగిపోతుంది. గ్లాసు బయటికి తీసేసరికి ఆ ప్రశ్న ఇంకొకరి మీదికి వెళ్లిపోయుంటుంది. ఆ వేడినీళ్లతో టీ కూడా అయిపోతుంది.

5. పక్కింటి పిన్నిగారు నెట్ రావట్లేదంటే, “మాకూ అంతే పిన్నిగారూ, నూకాలమ్మ జాతర జనం కదా” అనండి. కొత్త అమావాస్య నుంచి నెల్లాళ్లు ఈ మాట చెల్లుతుంది. తర్వాత ఎండలు, ఆపైన వానలు.

6. ఫైబర్ కుర్రాడు వస్తున్నాడనగానే ఛానల్‌ని ఆటోలో పెట్టండి. అతను చూసినంతసేపూ నెట్ పరుగెడుతుంది. మంచినీళ్లిచ్చి పంపండి. మెట్లు దిగాక మళ్లీ 3.