పదింటికి మూడు వస్తే ప్రతిభావంతులే

అమెరికా కాంగ్రెస్ 1990లో చేసిన వలస చట్టం ప్రకారం విజ్ఞానం, కళలు, విద్య, వ్యాపారం, క్రీడలలో 'అసాధారణ ప్రతిభ' గలవారు, అనగా తమ రంగంలో అగ్రస్థానానికి చేరిన బహుకొద్దిమంది, యజమాని పూచీ లేకుండా తామే దరఖాస్తు పెట్టుకొని గ్రీన్‌కార్డు పొందవచ్చు; ఈ తరగతికి ఈబీ-1ఎ అని పేరు. నోబెల్ వంటి బహుమతి ఒక్కటి ఉంటే చాలునని, అది లేనివారు 10 ప్రమాణాలలో కనీసం మూడింటికి రుజువులు చూపాలని నియమం. నోబెల్ కంటె ఈ రెండో దారి సులువని డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా తెలుగు ఇంజనీర్లు గ్రహించిన నాటి నుంచి అగ్రస్థానంలో కాలు మోపే చోటు కరవైంది. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరన్న సామెతకు అక్కడ జవాబు చెప్పేవారు లేరు.

ఇంత ప్రతిభ ఒక్కసారిగా వికసించడానికి కారణం లేకపోలేదు. ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చే వలస వీసాలు సుమారు 1,40,000 కాగా, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించి దక్కవు. సుమారు నాలుగు లక్షల జనాభా గల ఐస్‌లాండ్‌కూ, 140 కోట్లు దాటిన భారతదేశానికీ ఒకే పరిమితి. అందువల్ల దీని తరువాతి తరగతి అయిన ఈబీ-2 వరుసలో పదేళ్లకు పైగా నిలిచిన ఇంజనీరు, ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్‌ను చూసి నిట్టూర్చిన పూటే, తాను అసాధారణుడినని కనుగొంటాడు. ప్రతిభ పుట్టుకతో వస్తుందని పూర్వులు నమ్మారు. పుట్టిన దేశాన్ని బట్టి వస్తుందని ఈ బులెటిన్ నిరూపించింది.

కనుగొన్న ప్రతిభకు కాగితాలు సమకూర్చే విద్యను 'ప్రొఫైల్ బిల్డింగ్' అంటారు. పురస్కారం ఒక ప్రమాణం కనుక, ప్రవేశ రుసుము చెల్లించినవారిని నిరాశపరచని పురస్కారాలు వెలిశాయి. ఇతరుల పనికి న్యాయనిర్ణేతగా ఉండటం మరొక ప్రమాణం కనుక, హ్యాకథాన్‌లో పోటీదారుల కంటె న్యాయనిర్ణేతలకు గిరాకీ పెరిగింది. పరిశోధన వ్యాసం వేరొక ప్రమాణం కనుక, సొమ్ము ముట్టిన వారంలోనే అచ్చువేసే జర్నళ్లు వర్ధిల్లుతున్నాయి. ఇక సిఫారసు లేఖల విషయంలో, దరఖాస్తుదారు తన గొప్పతనాన్ని తానే రాసుకొని నిపుణుడి సంతకానికి పంపడం, ఆ నిపుణుడు కామా కూడా మార్చకుండా సంతకం చేయడం పరిపాటి. సన్మానానికి శాలువా తామే కొనుక్కెళ్లే ఆచారం ఎరిగిన జాతికి ఇందులో కొత్తగా నేర్వవలసింది లేదు.

అయితే మూడు టిక్కులు పడినంత మాత్రాన పని కాదు. 2010లో కజారియన్ కేసులో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు ఆధారంగా అధికారులు రెండంచెల పరిశీలన చేపట్టారు. మొదట ప్రమాణాలను లెక్కిస్తారు, తరువాత రుజువులన్నిటినీ కలిపి తూచి, మనిషి నిజంగా అగ్రస్థానంలో ఉన్నాడా అని చూస్తారు. ఆ కేసు వేసిన భౌతికశాస్త్రజ్ఞుడికి చివరికి రెండు ప్రమాణాలే మిగలడంతో దరఖాస్తు నెగ్గలేదు. నేటి ప్రొఫైల్ నిర్మాతలకు ఆ శాస్త్రజ్ఞుడు చిక్కి ఉంటే, మూడోది వారాంతానికల్లా సిద్ధమయ్యేది.

ఇందరు అందలం ఎక్కిన ఫలితంగా భారతీయులకు ఈబీ-1లోనూ వరుస ఏర్పడింది, నికార్సయిన పరిశోధకుడి కాగితాలనూ అధికారి అనుమానంతో తిరగేసే పరిస్థితి దాపురించింది. నేరం ఇంజనీరు ఒక్కడిదే కాదు. ఏళ్ల తరబడి బ్యాంకు సర్వర్లను ఆగకుండా నడిపి, పన్నులు కట్టి, పిల్లలను పెంచిన సాధారణ నిపుణుడికి మనిషి ఆయుష్షుకు సరిపడే వరుస చూపిన చట్టమే అతడిని అసాధారణత్వానికి పురికొల్పింది. ఆ 7 శాతం గీతను సవరించవలసినది అమెరికా కాంగ్రెస్. అంతవరకు ట్రోఫీకి బేరమాడే పాఠకులు ఒక్క నిబంధన గుర్తుంచుకోవడం మేలు: వలస ప్రయోజనం కోసం కావాలని తప్పుడు సమాచారం ఇచ్చినట్లు తేలినవారు ఆ దేశ ప్రవేశానికే శాశ్వతంగా అనర్హులవుతారు. దానికి పదింటిలో మూడు అక్కరలేదు, ఒక్కటి చాలు.