తాళమిచ్చిన చేతికి సన్మానం

బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచిన జాతి మనది. తొమ్మిదో తరగతిలోకి రాగానే పిల్లాడి చేతిలో స్కూటీ తాళం పెట్టడాన్ని షోడశ సంస్కారాల తర్వాత పదిహేడోదిగా ఎప్పుడో చేర్చేసుకున్నాం. పురోహితుడు అక్కర్లేదు, ముహూర్తం అక్కర్లేదు, ట్యూషన్‌కు టైమైతే చాలు. ఆపైన తండ్రిగారు మీసం దువ్వుకుని, ‘‘మావాడు ఎవరూ నేర్పకుండానే నేర్చేసుకున్నాడండీ’’ అంటారు. లెక్కలకొక మాస్టారు, ఫిజిక్సుకొక మాస్టారు, చేతిరాతకు వేసవి శిక్షణ. నూరు కిలోల పైచిలుకు ఇనుమును లారీల సందులోంచి నడిపించే విద్య మాత్రం స్వయంభువు!

ఆయనకు చట్టం తెలియదనుకుంటే పొరపాటు. ‘‘పదహారుకే లైసెన్సు ఇస్తారు కదండీ’’ అంటారు. ఇస్తారు, ఇంజిను 50 సీసీ దాటని గేర్లులేని బండికి. అది లూనాలు తిరిగిన రోజుల మాట. ఇంటిముందు స్టాండు వేసి ఉన్నది 110 సీసీయో, 125 సీసీయో. దానికి 18 నిండాల్సిందే. తనకు పనికొచ్చే సగం వాక్యం దాకా చదివి పుస్తకం మూసేయడం కూడా ఒక పాండిత్యమే.

ఇక శిక్షణ. ఆదివారం పొద్దున స్కూలు గ్రౌండులో మొదలవుతుంది. గురువు మేనమామో, పక్కింటి ఇంటర్ కుర్రాడో. వెనక కూర్చుని ఉపదేశించే తొలి మంత్రం, ‘‘ముందు బ్రేకు ముట్టుకోకురా, పల్టీ కొడతావ్!’’ తరతరాలుగా వస్తున్న ఈ ఒక్క మాట ఎన్ని కాళ్ళు విరిచిందో ఎవరూ లెక్క కట్టలేదు. బండి ఆగేటప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది. అప్పుడు నేలను గట్టిగా పట్టుకునేది ముందు చక్రమే, ఆపే శక్తిలో పెద్ద వాటా దానిదే. రెండు బ్రేకులూ కలిపి, మెత్తగా మొదలుపెట్టి బిగిస్తూ పోవాలి. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో, ఇసుక మీదో ముందు బ్రేకును గభాలున పిండితే జారిపడతారు. ఈ ఒక్క షరతు చెప్పడానికి బద్ధకించి మనవాళ్ళు ఏకంగా బ్రేకునే నిషేధించారు. కుడిచేతి కింది ఆ లీవరు చాలా ఇళ్ళల్లో షోకేసులో బొమ్మ. ప్రభుత్వానికీ ఈ సంగతి తెలిసినట్టే ఉంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ లోపు బండ్లకు ఒక్క లీవరు నొక్కితే రెండు చక్రాలూ ఆగే ఏర్పాటైనా, ఏబీఎస్ అయినా ఉండాలని రూలు పెట్టింది. మేనమామ మారడని తేలాక యంత్రాన్ని మార్చారన్నమాట.

యాక్సిలరేటర్ పాఠం ఇంకా చిన్నది. తిప్పడం ఉంది, వదలడం సిలబస్‌లో లేదు. కొత్తవాడు భయపడగానే హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకుంటాడు. పట్టుకోగానే మణికట్టు కిందికి వాలుతుంది, మణికట్టు వాలితే బండి లంఘిస్తుంది. ఎదురింటి గేటుకు సొట్ట ఎలా పడిందో ఇంక చెప్పాలా? దానికి విరుగుడుగా గురువుగారు కాళ్ళు నేలకు ఈడుస్తూ పొమ్మంటారు. దాంతో చెప్పులు అరుగుతాయి, బండి మాత్రం ఆగదు.

ఎల్ఎల్ఆర్ అనేదొకటి ఉందండోయ్. అది చేతికొచ్చాకే బండి రోడ్డెక్కాలి. తెల్లరేకు మీద ఎర్ర ‘ఎల్’ ముందూ వెనకా కనబడాలి. నేర్పేవాడు తప్ప వెనక ఎవరూ ఎక్కకూడదు. కనీసం 30 రోజులు గడిచాకే పక్కా లైసెన్సు. ఆ నెల రోజులు నేర్చుకోవడానికిచ్చిన గడువని మనలో ఎంతమందికి తోచింది? మనకది ఏజెంటు చెప్పిన వాయిదా. గడువు తీరాక ట్రాకు మీద ‘ఎనిమిది’ తిప్పుతారు. నిజానికది మంచి పరీక్షే. నిదానంగా, తిరగబోయే వైపు చూపు పెట్టి, కాలు దించకుండా బండిని అదుపులో ఉంచడం చిన్న సంగతి కాదు. అయితే ఆ ట్రాకు మీద రాంగ్ రూట్లో దూసుకొచ్చే ఆటో ఉండదు, చూడకుండా తలుపు తెరిచే కారు ఉండదు, వాన నీళ్ళ కింద దాక్కున్న గుంత ఉండదు. ఎనిమిది వచ్చిన కుర్రాడు వీటికి ఎదురుపడ్డాక గాని మిగతా అంకెలు తెలియవు.

హెల్మెట్ సంగతి సరేసరి. అది తలకు కొన్నది కాదు, చౌరస్తాకు కొన్నది. సిగ్నల్ దగ్గర పోలీసు టోపీ కనబడగానే మోచేతి నుంచి నెత్తికెక్కుతుంది, మలుపు తిరగ్గానే దిగుతుంది. గడ్డం కింద పట్టీ బిగించడం నామోషీ. ఐఎస్ఐ గుర్తు ఉందా అని అడిగినవాణ్ణి దుకాణదారు వింతగా చూస్తాడు. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారు 50,029 మందని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. అయినా వెనక కూర్చునే అమ్మకు తల ఉంటుందని మనకింకా నమ్మకం కుదరలేదు. రెండో హెల్మెట్ కొనడం దండగ, కెమెరాకు చిక్కకుండా నంబరు ప్లేటు పైకి వంచితే పైసా ఖర్చుండదు. ఇలా కొత్తవాడికి బండి ఆపడం రాకముందే చలానా తప్పించుకోవడం వచ్చేస్తోంది.

అయ్యా తండ్రిగారూ, మీరు మూసేసిన పుస్తకంలో 2019లో కొత్త పేజీ చేర్చారు. 199ఏ సెక్షను. 18 నిండని పిల్లాడు బండి నడిపి నేరం చేస్తే దోషి మీరే, మీకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోవాల్సిన భారమూ మీదే. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. మీసం మీది చెయ్యి తీసి ఒకసారి చదవండి. ఇక మీవాడికి పాతికేళ్ళు నిండేదాకా లైసెన్సు రాదు. ఇంజినీరింగు, ఉద్యోగం, పెళ్ళిచూపులు, అన్నిటికీ ఆర్టీసీ బస్సే.